నమూనా పాఠం

జీడితోటలు అయిపోయి కొండ మొదలయ్యే చోట ఒక గెడ్డ పారుతుంది. పారుతుందంటే వానాకాలంలో పారుతుంది. ఎండలు ముదిరాయంటే ఇసుకే మిగులుతుంది. అందుకని ఆ గెడ్డ ఒడ్డు గూడెంలో ఉండే జంతువులు ఎండాకాలం పొడవునా పొద్దున్నే పిల్లల్ని బడిలో దిగబెట్టి, కొండవతల ఊట దగ్గరికి నీళ్లకీ మేతకీ పోయి, పొద్దు వాలేవేళకి తిరిగొస్తాయి. తాతల నాటి నుంచీ అక్కడి పద్ధతి అదే.

బడి అంటే ఓ పనసచెట్టు, దాని పక్కన ఓ ముళ్లవెదురు పొద. పొదకి నేల బారున ఒకే ఒక్క కంత ఉంది. అందులో కుందేలు పడుతుంది, కౌజుపిట్ట పడుతుంది, చిరుతపులి తల మాత్రం పట్టదు. కాబట్టి ఆ బడిలో ఎన్ని పాఠాలున్నా అసలు పాఠం ఒక్కటే. గోరింకలు గోలపెట్టాయంటే చిరుత వస్తోందని అర్థం. వెంటనే కంతలో దూరాలి. మాస్టారు వచ్చి పేరు పెట్టి పిలిచేదాకా బయటికి రాకూడదు. చెప్పడానికి నాలుగు ముక్కలే. పిల్లల బుర్రల్లోకి ఎక్కించడానికి మాత్రం అప్పన్న మాస్టారికి ఏడాది పట్టేది.

అప్పన్న ఒకప్పుడు గంగిరెద్దు. ముక్కుతాడు లాగి, మోకాళ్ల మీద కర్రతో కొట్టి ఆయనకి దండం పెట్టడం నేర్పారు. సన్నాయి మోగినా, ఎవరైనా మెచ్చుకున్నా తల ఊపడం నేర్పారు. ఎందుకు ఊపాలో ఎవరూ చెప్పలేదు, అడిగే వీలూ లేదు. ముసలైపోయాక ఆడించేవాడు జీడితోటలో వదిలేసి పోతే, నడుచుకుంటూ ఈ గూడేనికొచ్చి పంతులయ్యాడు. వచ్చిన రోజే ఓ ఒట్టు పెట్టుకున్నాడు, తనకి నేర్పినట్టు ఏ పిల్లకీ నేర్పకూడదని.

ఆ ఏడు బడిలో ఆరుగురు పిల్లలు. కుందేలు పిల్ల గౌరీసుని కూర్చోబెట్టి చెబితే చెవులు ఇక్కడుండేవి, కాళ్లు ఇంకెక్కడో ఉండేవి. నెల రోజులు చెప్పి చెప్పి విసిగిపోయిన అప్పన్న, ఒకరోజు ఆ పిల్లని లేపి పనసచెట్టు నుంచి కంత దాకా ఏడుసార్లు పరిగెత్తించాడు. ఎనిమిదోసారి గోరింక కూయగానే గౌరీసు కంతలో ఉంది. కౌజుపిట్ట పిల్ల పైడికి మాట నిలవదు, పాట నిలుస్తుంది. అప్పన్న తన బొంగురు గొంతుతో పాట కట్టి పాడితే తోటలో కాకులు లేచిపోయేవి గానీ, పైడికి పాఠం వచ్చేసింది. ఉడుత పిల్లడు సన్యాసికి ఊరికే చెబితే ఎక్కదు. ఎందుకు, ఎందుకు, ఎందుకు. ఆ ఎందుకులన్నిటికీ అప్పన్న మూడు రోజులు ఓపిగ్గా జవాబు చెప్పాడు. మరో ఇద్దరికి తలో దారి దొరికింది. తాబేలు పిల్లడు నూకరాజు దగ్గర మాత్రం ఏదీ పారలేదు. పరిగెత్తమంటే రెండడుగులు, పాడమంటే మౌనం, అడగమంటే వెర్రిచూపు. వాడి దారేదో ఇంకా చిక్కలేదని అప్పన్న రోజూ బాధపడేవాడు.

ఇదంతా గూడెం పెద్దలకి వింతగా ఉండేది. వింతలు చూసి ఊరుకునే జాతి కాదు కదా పెద్దలది. ఓ పొద్దున్న అడవిపంది సింహాచలం నాయుడు పదిమందిని వెంటేసుకుని బడికొచ్చాడు. గూడేనికి పెద్ద ఆయనే.

"ఏటి మాస్టారూ ఇది? ఒకర్తి పరుగెడతంది, ఒకర్తి పాట పాడతంది, ఒకడు నిన్నే నిలదీస్తన్నాడు. ఇది బడేటి, సంతేటి?"

"నాయుడుగారూ, పాఠం అందరికీ ఒక్కటేనండి. వెళ్లే దారులే వేరు."

"పక్క గూడెంలో చిలక మాస్టారు వందమంది పిల్ల గుంటల్ని వరసగా కూకోబెట్టి ఒక్క గొంతుతో అరిపిస్తాడు. కొండ దద్దరిల్లిపోద్ది. ఇనడానికే ఎంత బాగుంటాదో!"

"వినడానికి బాగుంటుంది, నిజమే. ఆ వందమందిలో ఎందరికి వచ్చిందో..."

"అదిగో, మళ్లీ ఎదురు మాట!" అంది కౌజుపిట్ట తల్లి. "మా పైడి ఇంటికొచ్చి పాటలు పాడతంటే చుట్టాల్లో తలెత్తుకోలేపోతన్నాం."

నాయుడు గొంతు సవరించుకున్నాడు. "తనిఖీకి జగ్గారావుగార్ని పిలిపిస్తన్నాం. సదువుకున్నోడు, పది గూడేలు తిరిగినోడు. ఆయన బాగుందంటే ఉండు. నేదంటే చిలక మాస్టారొస్తాడు, నువ్వు తోటల్లోకి ఎల్లిపో."

జగ్గారావుగారంటే నక్క. పది గూడేలు తిరిగినవాడు ఏ ఒక్క గూడెంలోనూ ఎందుకు నిలవలేదో అడగాలని ఒక్కరికీ తోచలేదు. చదువుకున్నవాడంటే మనకి అంత గౌరవం మరి.

తోటల్లో మనుషులుంటారు. వయసుడిగిన ఎద్దుని మనుషులు ఎక్కడికి తోలుకుపోతారో అప్పన్నకి తెలుసు. అయినా ఆయన్ని రాత్రీ పగలూ తినేసింది ఆ భయం కాదు. గౌరీసుని వరసలో కూర్చోబెట్టి అరిపిస్తే పాఠం నోటికొస్తుంది, కాళ్లకి రాదు. కాళ్లకి రాకపోతే ఆ పిల్ల ఎండాకాలం గట్టెక్కదు. అది ఎవరికి చెప్పుకోవాలి? కన్నవాళ్లే వినడం లేదు.

జగ్గారావుగారు వచ్చారు. మీసాలు నున్నగా దువ్వుకుని, తోక ఒద్దికగా చుట్టుకుని, పనసచెట్టు మొదట్లో కూర్చుని రెండు రోజులు చూశారు. రెండో సాయంత్రం పిల్లలందరూ వెళ్లాక అప్పన్న దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"మాస్టారూ, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ కుందేలు పిల్లని మీరు కూర్చోమనరేం?"

"కూర్చుంటే దానికి ఎక్కదండి. అది కాళ్లతో నేర్చుకుంటుంది. తప్పయితే..."

"తప్పా? ఎవరన్నారు తప్పని? నేను పది గూడేలు తిరిగాను. పిల్లని చూసి పాఠం చెప్పే పంతుల్ని మొదటిసారి ఇక్కడే చూస్తున్నాను. ఇంత విద్య ఈ పనసచెట్టు కింద పడి ఉందా అని నిన్నటి నుంచీ నాకు నిద్ర లేదు."

అప్పన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు ఆ మాట అనలేదు. తెలీకుండానే తల ఊగడం మొదలుపెట్టింది.

"ఇది మీతోనే ఆగిపోకూడదు మాస్టారూ. నాలుగు గూడేలకీ చేరాలి. ఏ పిల్ల ఎలా నేర్చుకుంటుందో వివరంగా చెప్పండి, రాసుకుంటాను."

అప్పన్న చెప్పాడు. అడగనివి కూడా చెప్పాడు. గౌరీసు ఎన్ని పరుగులకి దారి పట్టేస్తుందో చెప్పాడు. పైడికి ఏ వరస ఇష్టమో పాడి వినిపించాడు. సన్యాసి మూడో ఎందుకు దగ్గర మెత్తబడతాడని చెప్పాడు. నక్క టేకాకు మీద గోటితో గీసుకుంటూ పోయింది. కన్నతల్లులకి తెలియని సంగతులు, అప్పన్న ఒక్కడి మనసులోనే ఉన్న సంగతులు, చీకటి పడేలోగా ఆకు మీదికెక్కాయి.

"ఆ తాబేలు పిల్లాడి సంగతి?"

"వాడి దారి నాకింకా దొరకలేదండి."

"పోనీలెండి," అంది నక్క, ఏమీ గీసుకోకుండా. "ఒక్క సందేహం మాస్టారూ. కంతలోకి వెళ్లడం నేర్పారు, బాగుంది. మరి బయటికి రావడం?"

"నేను పిలుస్తాను కదండి."

"మీకు ఒంట్లో బాగోలేని రోజో? పెద్ద వయసు మీది. మీరు పిలవకపోతే ఆ పసివాళ్లు నీళ్లు లేక ముళ్లపొదలోనే ఎండిపోవాలా?"

అప్పన్నకి నిజమే కదా అనిపించింది. ఇన్నాళ్లూ తనకెందుకు తోచలేదో అనిపించింది.

"మీరు అనుమతిస్తే రేపు ఆ పాఠం నేను చెబుతాను. మీ పద్ధతిలోనే. నమూనా పాఠం అనుకోండి. మీ విద్య నాకు పట్టుబడిందో లేదో మీరే చూసి దిద్దండి."

దిద్దండి అన్న మాట అప్పన్నకి ఎంత తీపిగా వినిపించిందో! పంతులన్నవాడికి అంతకు మించి ఏం కావాలి?

మర్నాడు నక్క పాఠం చెప్పింది. పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టలేదు. గౌరీసుని లేపి, "రా తల్లీ" అంటూ కంత దగ్గర నుంచి గెడ్డ ఒడ్డున ఉన్న పలకబండ దాకా ఏడుసార్లు పరిగెత్తించింది. ఏడంటే ఏడే. అప్పన్న లెక్కపెడుతూ చూశాడు. ఎనిమిదోసారి ఆ పిల్ల కాళ్లు వాటంతటవే పలకబండ ముందు ఆగాయి. పైడికి అప్పన్న కట్టిన పాటే పాడి, చివర ఒక చరణం కలిపింది, గోరింక నోరు మూస్తే బండ మీదికి రమ్మని. వరస ఎక్కడా తప్పలేదు. పైడి రెండోసారికే అందుకుంది. మిగతా ఇద్దరికీ కూడా ఎవరి దారిలో వాళ్లకి అందించింది.

సన్యాసి మాత్రం తోక నిక్కబొడిచాడు. "మాస్టారు పిలిస్తేనే రావాల గదా? గోరింకలు మానేస్తే ఎందుకు రావాల?"

"భలే ప్రశ్న అడిగావురా! నేను చెప్పను, నువ్వే చెప్పు. గోరింకలు ఎందుకు అరుస్తాయి?"

"చిరుత కనపడితే."

"కనపడకపోతే?"

"అరవవు."

"మరి అరవడం లేదంటే?"

సన్యాసి ఒక్క క్షణం ఆలోచించి ఎగిరి గంతేశాడు. "చిరుత నేదన్నట్టే! ఎల్లిపోయినట్టే!"

అప్పన్నకి ఒళ్లు పులకరించింది. తను మూడు రోజులు జవాబులు చెప్పాడు. ఈయన జవాబుని పిల్లాడి నోటి నుంచే తెప్పించాడు! ఇంత సొగసుగా తనకి ఎప్పటికి వస్తుంది? నక్క చెబుతున్న ప్రతి మాటా ఆయన చెవిన పడింది. కానీ మనసు మాటల మీద లేదు, చెప్పే తీరు మీద ఉంది. మంచి వంటవాడు ఇంకొకడు గరిటె తిప్పడం చూస్తున్నట్టు చూశాడే తప్ప, గిన్నెలో ఏముందో చూడలేదు.

సన్యాసికి ఇంకా కొంచెం అనుమానం మిగిలింది. ఎప్పటిలాగే అప్పన్న వైపు తిరిగాడు. "అంతేనా మాస్టారూ?"

అప్పన్న తల ఊపాడు.

జగ్గారావుగారు నాయుడి దగ్గరికెళ్లి అప్పన్నని ఆకాశానికెత్తేశారు. అంతే, నిన్నటిదాకా సంతన్నవాళ్లే ఇవాళ మా బడంటే మా బడన్నారు. పాటలకి తలదించుకున్న కౌజుపిట్ట తల్లి, చుట్టాల్ని పిలిచి మరీ పైడి చేత పాడించుకుంది. మాస్టారికి ఊట దగ్గర సన్మానం చెయ్యాలని తీర్మానించారు. పెద్దలందరూ పగలు అక్కడే ఉంటారు గనక పగలే చెయ్యాలన్నారు.

"పిల్లల్ని వదిలేసి ఎలా రాను?" అన్నాడు అప్పన్న.

"అదేమిటి మాస్టారూ?" అంది నక్క. "పంతులు పక్కన లేకపోయినా నిలిచేదే చదువు. మీరే నమ్మకపోతే ఇంక ఎవరు నమ్ముతారు? నేనూ వచ్చేవాణ్ణే గానీ, పక్క గూడెంలో తనిఖీ ఉంది."

అప్పన్న వెళ్లాడు. వెళ్లేముందు పిల్లల్ని ఒక్కొక్కర్నీ పలకరించాడు. గోరింకలు అరిస్తే ఏం చెయ్యాలని అడిగితే గౌరీసు నోటితో చెప్పకుండా పరిగెత్తి చూపించింది. ఆయన తృప్తిగా కొండెక్కాడు.

ఊట దగ్గర మోదుగపూల దండ వేశారు. నాయుడు మాట్లాడటం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. అప్పన్నని తానే కనిపెట్టినట్టు మాట్లాడాడు. అప్పన్న తల ఊపుతూ వింటున్నాడు. సరిగ్గా అప్పుడే కొండవతల, బడి వైపున, గోరింకలు గోల పెట్టాయి.

తల్లులందరూ ఒక్కసారిగా లేచారు.

"కంగారు పడకండమ్మా," అన్నాడు అప్పన్న. ఆయన అంత గర్వంగా అంతకు ముందెప్పుడూ మాట్లాడలేదు. "ఈపాటికి అందరూ కంతలో ఉంటారు. ఒక్కరు కూడా బయట ఉండరు."

అది నిజం. పాఠం వచ్చిన అయిదుగురూ కంతలోనే ఉన్నారు.

కొంతసేపటికి గోరింకలు ఆగిపోయాయి. "హమ్మయ్య, ఎల్లిపోనాది," అంది కుందేలు తల్లి, కూలబడి ఊపిరి పీల్చుకుంటూ. అందరూ నవ్వుకున్నారు. నాయుడు మళ్లీ గొంతు సవరించుకున్నాడు.

ఆ నిశ్శబ్దం అప్పన్న చెవిలో ఇంకోలా పడింది. ఎల్లిపోనాది. సన్యాసి కూడా అదే మాటన్నాడు. చిరుత నడుస్తుంటే గోరింకలు అరుస్తాయి. నడుస్తూ దూరమైపోతే అరుపు కూడా దాని వెంటే దూరంగా పోవాలి. ఇది పోలేదు. ఉన్నచోటే ఠక్కున తెగింది. చిరుత ఏ బండ వెనకో నక్కి కూర్చుంటే గోరింకలకి కనపడదు. కనపడకపోతే అరవవు.

ఆ పాఠం తన కళ్లెదుటే చెప్పారు. తను తల ఊపాడు.

అప్పన్న పరిగెత్తాడు. కర్రదెబ్బలు తిన్న మోకాళ్లు సహకరించలేదు. పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. వెనకాల అందరూ ఏమిటేమిటని అరుస్తూ పరిగెత్తుకొస్తున్నారు.

చిరుత ఒక్కటే రాలేదు, ఎదిగిన కూనల్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. అప్పన్న చేరేసరికి పలకబండ దగ్గర ఎవరూ లేరు. కౌజు ఈకలు గాలికి కదులుతున్నాయి. ఇసుకలో గౌరీసు అడుగులు కంత నుంచి బండ దాకా తిన్నగా, నేర్పినట్టే, ఒక్కటి కూడా పక్కకి పోకుండా ఉన్నాయి. బండ దగ్గర ఆగిపోయాయి.

పనసచెట్టు కింద ఒక్క డిప్ప కనిపించింది. కాసేపటికి అందులోంచి నూకరాజు తల బయటికొచ్చింది. ఏడాదిలో మొదటిసారి వాడు నాలుగు మాటలు వరసగా మాట్లాడాడు.

"ఎవులూ తప్పు సెయ్యనేదు మాస్టారూ. గోరింకలు అరిస్తే అందరూ లోనికి ఎల్లీసినారు. ఆగిపోతే అందరూ వచ్చీసినారు. గౌరీసే ముందు. పైడి పాట పాడుకుంటానే వచ్చింది. ఒక గుంటడు భయపడితే, ఎందుకు రావాలో సన్యాసే సెప్పి తీసుకొచ్చినాడు."

"మరి నువ్వు?"

"నాకే పాఠమూ రానేదు. భయమేసి తల లోనకి లాగీసుకున్నాను."

ఏడాదంతా తన పద్ధతి అందని పిల్లాడు ఒక్కడే మిగిలాడు. అప్పన్న వాణ్ణి చూసి సంతోషించాలో ఏడవాలో తెలీక అక్కడే కూలబడ్డాడు.

గెడ్డ అవతలి ఒడ్డున నక్క మూతి తుడుచుకుంటోంది. అప్పన్న అరవలేదు.

"ఎందుకు చేశావు?"

"ఆకలి మాస్టారూ. ఇందులో దాపరికం ఏముంది? చిరుతతో నాకు ఎప్పటి నుంచో పొత్తు. పది గూడేల్లో పిల్లల్ని పిలిచి చూశాను, బెదిరించి చూశాను. ఒకటే మాట పదిమందికి చెబితే ఒకడు నమ్మేవాడు, తొమ్మిదిమంది పొదలోనే ఉండిపోయేవారు. మీ దయవల్ల అయిదుగురికి అయిదుగురూ వచ్చారు."

"నేను నీకు... చదువు చెప్పాను."

"చెప్పారు. మీ దగ్గర నేర్చుకున్నవాళ్లలో నా అంతటివాడు లేడు. ఒట్టేసి చెబుతున్నాను, మీ పద్ధతి చాలా గొప్పది." నక్క నిజంగానే మర్యాదగా తల వంచి, పొదల్లోకి వెళ్లిపోయింది.

గూడెం కూడింది. ఏడుపులు కాస్త తగ్గాక నాయుడు లేచాడు. "నానప్పుడే సెప్పినాను. తలో రకంగా నేర్పబట్టే ఇంత పనైంది. ఇకమీదట పరుగుల్లేవు, పాటల్లేవు. చిలక మాస్టారొస్తాడు. అందరూ కూకుని ఒక్క గొంతుతో అరవాల." అందరూ అవునన్నారు.

తప్పు పద్ధతిది కాదని అప్పన్నకి తెలుసు. వరసలో కూర్చోబెట్టి అరిపిస్తే వచ్చే ఏడు ఇంకెందరు పోతారో కూడా తెలుసు. ఆ మాట చెప్పాలని నోరు తెరిచాడు. అయిదుగురు తల్లులు ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఏ మొహంతో చెబుతాడు?

అందరూ లేచి వెళ్లిపోయాక కుందేలు తల్లి ఒక్కతే ఆయన ముందుకొచ్చి నిలబడింది. ఆమె కళ్లలో కోపం కూడా లేదు.

"మాస్టారూ, మా గౌరీసుకి ఏది ఎలగ సెప్తే ఎక్కుతాదో కన్నదాన్ని, నాకే తెలీదు. లోకంలో నీకొక్కడికే తెలుసు. మరి ఆ సంగతి నక్కకి ఎవులు సెప్పినారు?"

అప్పన్న దగ్గర దానికి జవాబు ఉంది. చెప్పలేకపోయాడు. ఆమె తల దించుకుని వెళ్లిపోయింది.

నీతి: ఎంత బాగా చెబుతున్నారో అని మురిసిపోయే ముందు, ఏం చెబుతున్నారో వినని పంతులు తన పిల్లల్ని తానే అప్పగిస్తాడు.